మెదడు మందులు – నర్సు కన్ను

ఆసుపత్రిలో మందు రాసేది డాక్టరు. లెక్కపెట్టి ఇచ్చేది ఫార్మసిస్టు. ఆ మందు రోగి నోట్లో పడేదాకా, పడ్డ తరువాత గంటగంటకూ ఏం జరుగుతోందో చూసేది మాత్రం నర్సు. డాక్టరు గారు రౌండ్సులో ఒక్కొక్క మంచం దగ్గర నిలబడేది అయిదు నిముషాలో, పది నిముషాలో. మిగతా రోజంతా, రాత్రంతా రోగి ఉండేది డ్యూటీలో ఉన్న సిస్టరు కళ్ళ ముందే. మందు రౌండ్సు టైము చూసుకుని పనిచెయ్యదు గదా!

నర్సింగు విద్యార్థుల చేత మొట్టమొదట ఒక పాఠం వల్లె వేయిస్తారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఈ అయిదూ మందు లోపలికి వెళ్ళే ముందు చూసుకోవలసినవి. తరువాతి పుస్తకాలలో ఈ పట్టిక పెరిగింది గాని, ఇప్పటికీ అందరికీ నోటికి వచ్చేది ఈ అయిదే. మెదడు మీద పనిచేసే మందుల విషయంలో అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది. ఎందుకంటారా? జ్వరానికి మాత్ర వేసుకుంటే ఒంటిమీద దద్దుర్లు వచ్చాయనుకోండి. అది మందు వల్లనే అని ఎవరికైనా తడుతుంది. మానసిక వ్యాధికి వేసిన మందు దుష్ఫలితం చూపిస్తే అది చాలాసార్లు వ్యాధిలాగే కనబడుతుంది. మందు ఎక్కువై వచ్చిన బాధను రోగం ముదిరిందనుకుని మరింత మందు పోస్తే ఏమవుతుందో ఊహించండి. ఈ తేడా కనిపెట్టాలంటే మాత్ర రంగు, పేరు తెలిస్తే చాలదు. అది మెదడులో ఏ చోట పనిచేస్తుందో కొంతైనా తెలియాలి. మన కాలేజీలో నర్సింగుతో సంబంధం లేని వారే ఎక్కువ. అయినా ఇలాంటి మాత్రలు వాడేవారు ఎవరి ఇంట్లోనైనా ఉండవచ్చు కనుక ఈ నాలుగు మాటలు అందరికోసం.

మెదడు మందులన్నిటికీ ముందొక గోడ అడ్డం ఉంటుంది. 1885లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. అవయవాలన్నీ రంగు పట్టాయి, మెదడు తప్ప. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ అదే రకం రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు రంగు పట్టింది, మిగతా శరీరం పట్టలేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఒక కాపలా ఉందన్నమాట. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉండడమే ఆ కాపలా. కొన్ని మందులు దీన్ని దాటతాయి, కొన్ని దాటలేవు.

ఇది పుస్తకంలోని సంగతే గదా అని తీసిపారేయకండి. వాంతులకు వాడే రెండు మందులను చూడండి. ఒకటి మెటోక్లోప్రమైడ్, రెండోది డోంపెరిడోన్. రెండూ అడ్డుకునేది డోపమైన్ అనే పదార్థాన్నే. వాంతిని రేపే కేంద్రం విచిత్రంగా ఆ కాపలా గోడకు బయట ఉంది. కనుక డోంపెరిడోన్ లోపలికి పెద్దగా పోకుండానే వాంతిని ఆపగలదు. మెటోక్లోప్రమైడ్ మాత్రం గోడ దాటి లోపలికి పోతుంది. పోయి, కొందరిలో, ముఖ్యంగా చిన్న వయసు వారిలో, వింత పని చేస్తుంది. మెడ ఒక పక్కకు మెలిబడుతుంది. నాలుక బయటికి తోసుకు వస్తుంది. కనుగుడ్లు పైకి నిలబడిపోతాయి. దవడ బిగుసుకుంటుంది. పిల్లకు స్పృహ ఉంటుంది, అన్నీ తెలుస్తూనే ఉంటాయి, మాట మాత్రం రాదు. సాయంత్రం వాంతులకు ఇంజక్షను చేయించుకుని ఇంటికి వెళ్ళిన పదహారేళ్ళ పిల్లకు రాత్రి పదింటికి ఇలా అయిందనుకోండి. మన ఊళ్ళలో ముందుగా వినబడే మాట ఏమిటి? గాలి సోకిందని. తాయెత్తు కట్టేవాడి కోసం మనిషి పరిగెడతాడు. చదువుకున్న వాళ్ళయితే ఫిట్సు అంటారు, లేదా పిల్ల నటిస్తోందంటారు.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. "ఇవాళగాని, నిన్నగాని ఏ మందు వేశారమ్మా?" జవాబులో ఆ మందు పేరు వచ్చిందంటే సంగతి సగం తేలినట్టే. డాక్టరు గారు ప్రోమెథజైన్ వంటి ఇంజక్షను రాస్తే, అది ఇచ్చిన కొద్దిసేపటికే మెడ దానంతటదే సర్దుకుంటుంది. భూతవైద్యుడి ఫీజు మిగులుతుంది.

ఇంతకీ ఈ డోపమైన్ సంగతి ఎలా బయటపడింది? ఆ కథలో మన దేశపు మొక్క ఒకటుంది. సర్పగంధి వేరును ఉన్మాదానికి వాడడం మన వైద్యులకు చాలాకాలంగా తెలుసు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు దీని గురించి వైద్య పత్రికలో రాశారు. రక్తపోటు తగ్గుతుందనీ, ఉద్రేకం అణుగుతుందనీ చెప్పారు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను విడదీశారు. స్వీడనులో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఆ రిసర్పిన్‌ను కుందేళ్ళకు ఇచ్చి చూస్తే అవి చెవులు వేలాడేసి కొయ్యబొమ్మల్లా కూర్చుండిపోయాయి. డోపమైన్‌గా మారే డోపా అనే పదార్థం ఎక్కించేసరికి లేచి తిరిగాయి. కదలికకు డోపమైన్ ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. పార్కిన్సన్ వ్యాధికి నేటికీ ఇస్తున్న మందు పుట్టింది ఆ దారిలోనే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. మన వేరుకు రాలేదనుకోండి, అది వేరే సంగతి!

క్లోర్‌ప్రోమజైన్ కథ దీనికి కొంచెం ముందుది. 1952లో ప్యారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు దీన్ని తీవ్రమైన మానసిక వ్యాధులకు వాడారు. గొలుసులతో, చలవ నీళ్ళ స్నానాలతో సరిపెట్టుకున్న వార్డులలో రోగులు కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టారు. 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ తయారయింది. ఇవి డోపమైన్‌ను అందుకునే చోట్లను మూసివేస్తాయని 1963లోగాని ఎవరూ ఊహించలేదు. మందు ముందు వచ్చింది, వివరణ తరువాత వచ్చింది.

చిక్కంతా ఎక్కడంటే, మెదడులో డోపమైన్ ఒకే దారిన పోదు. ఒక దారి భావోద్వేగాల వైపు పోతుంది. లేని గొంతులు వినబడడం, అందరూ కుట్ర చేస్తున్నారనిపించడం ఆ దారిలో ఉరవడి ఎక్కువైనందువల్ల అని భావిస్తారు. మరో దారి కదలికలను నడిపే కేంద్రానికి పోతుంది. ఇంకొకటి నుదుటి వెనక, ఆలోచనకూ చొరవకూ కేంద్రమైన భాగానికి. వేరొకటి చిన్నదే, పీయూష గ్రంథికి పోయి పాలు పడే హార్మోనును అదుపులో పెడుతుంది. మనకు మూయవలసింది మొదటి దారి. రక్తంలో పడ్డ మందుకు ఆ విచక్షణ ఎక్కడిది? పొలంలో ఒక్క మడికి నీళ్ళు ఆపాలని కాలువ తూమే దించినట్టు, నాలుగూ ఎండుతాయి. స్కాను పరీక్షల వల్ల తెలిసిందేమంటే, డోపమైన్ అందుకునే చోట్లలో సుమారు నూటికి 65 మూసుకుంటే వ్యాధి లక్షణాలు తగ్గే అవకాశం బాగా పెరుగుతుంది. 80కి దగ్గర పడేసరికి కదలికల దుష్ఫలితాలు మొదలవుతాయి. రెంటి మధ్యా ఉన్న సందు అంతే.

ఆ సందు దాటినప్పుడు వచ్చే వాటిలో నర్సు ముఖ్యంగా గుర్తుపట్టవలసినది అకతీసియా. ఆ మాటకు కూర్చోలేకపోవడం అని అర్థం. 1901లోనే ప్రేగ్‌లో హస్కొవెక్ అనే వైద్యుడు పెట్టిన పేరిది. ఈ మందులు అప్పటికింకా పుట్టలేదు. మన భాషలో దీనికి అంతకన్న మంచి మాటే ఉంది, కాలుగాలిన పిల్లి. రోగి మంచం మీద కూర్చుంటాడు, లేస్తాడు, వరండా కొసదాకా నడుస్తాడు, తిరిగి వస్తాడు. నిలబెడితే ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి మారుస్తూ ఉంటాడు. అన్నం కంచం ముందు రెండు ముద్దలు తినేలోపల లేచిపోతాడు. చూసినవారికి ఏమనిపిస్తుంది? ఉద్రేకం తగ్గలేదు, మందు చాలలేదు అనిపిస్తుంది. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉన్న సిస్టరు కేసుషీటులో "రోగి అశాంతిగా ఉన్నాడు, నిద్రపోలేదు" అని రాస్తుంది. పొద్దున అది చదివిన డాక్టరు డోసు పెంచుతాడు. మర్నాటికి అశాంతి రెట్టింపు. మళ్ళీ ఒక ఇంజక్షను. ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. ఒక్క మాట తక్కువయింది, అంతే.

అదే సిస్టరు ఇలా రాసిందనుకుందాం. "సోమవారం డోసు పెంచారు. బుధవారం సాయంత్రం నుంచి కూర్చోలేకపోతున్నాడు. కాళ్ళు ఆగడం లేదు, లోపల ఏదో తరుముతున్నట్టుంది అంటున్నాడు. గొంతులు వినబడడం మునుపటికన్న తగ్గిందంటున్నాడు." ఇది చదివిన డాక్టరు డోసు పెంచడు. తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనొలాల్ వంటిది జోడించడమో చేస్తాడు. రెండు నోట్సుకూ మధ్య తేడా నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలు రాయాలంటే రోగి పక్కన కూర్చుని, "మనసు ఆగడం లేదా నాన్నా, కాళ్ళు ఆగడం లేదా?" అని అడగాలి. చాలామంది ఠక్కున జవాబు చెబుతారు. అడిగినవారు లేకనే చెప్పరు. వ్యాధివల్ల కలిగే ఉద్రేకం, మందువల్ల కలిగే ఈ బాధ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడమూ కద్దు. అప్పుడు తేల్చడం డాక్టరుకు కూడా కష్టమే. అయినా ఎప్పుడు మొదలయిందో తేదీ రాసి ఉంటే దారి దొరుకుతుంది. ఇది చిన్న బాధ కాదు సుమా. భరించలేక ప్రాణం తీసుకోవాలని తలచేవారు కూడా ఉంటారు. "కాసేపు కూర్చోవయ్యా" అని కసురుకుని వదిలేసే విషయం కాదు.

దీనికి తిరగేసిన బొమ్మ ఇంకొకటుంది. రోగి కదలడు. ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. నడిచేటప్పుడు చేతులు ఊగవు. పెదవి చివర చొంగ. ఇంటివాళ్ళు వచ్చి, "ఇప్పుడెంత బుద్ధిగా ఉన్నాడమ్మా, మీ చలవే" అంటారు. ఆ మెప్పు విని సంతోషించే ముందు అతని చేత రెండు వాక్యాలు రాయించి చూడాలి. అక్షరాలు పోనుపోను చిన్నవై పోతున్నాయంటే అది బుద్ధి కాదు, మందు తెచ్చిన పార్కిన్సన్ లక్షణం. ఒక వార్డు ప్రశాంతంగా ఉంటే రోగులందరూ కోలుకున్నట్టే అని నేను నమ్మను.

దీనికి విరుగుడుగా ట్రైహెక్సిఫెనిడిల్ మాత్రలు ఇస్తారు. ఆ మాత్ర ఎసిటైల్‌కోలిన్ అనే మరో పదార్థాన్ని అడ్డుకుంటుంది. జ్ఞాపకశక్తికి ఆ పదార్థం కావాలి. కుర్రవాళ్ళకు నోరు ఎండడం, మలబద్ధకంతో పోతుంది. డెబ్భై ఏళ్ళ తాతగారికి అదే మాత్ర వేస్తే మూత్రం బిగిసి, కూతుర్ని గుర్తుపట్టక, గోడమీద లేని పురుగుల్ని ఏరడం మొదలుపెట్టవచ్చు. చుట్టుపక్కల వారు "వయసు మళ్ళింది, అంతే" అంటారు. వయసు నిన్న సాయంత్రం ఒక్కసారిగా మళ్ళదు గదా.

ఇహ ఆడవారి సంగతి. నాలుగో దారి మూసుకుంటే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. నెలసరి ఆగిపోతుంది, ఒక్కోసారి రొమ్ములలో పాలు వస్తాయి. పెళ్ళికాని పిల్లకు ఇలా అయితే ఆ ఇంట్లో ఎంత గొడవ జరుగుతుందో చెప్పనక్కరలేదు. ఆ పిల్ల ఈ మాట మగ డాక్టరుకు చెప్పదు, తల్లికి చెప్పడానికీ భయపడుతుంది. సిస్టరు అడిగితేనే చెబుతుంది. గర్భం లేదని పరీక్షతో తేల్చుకుని, ఇది మందువల్ల కూడా వస్తుందని, మందు మారిస్తే సర్దుకుంటుందని తల్లికి చెప్పగలిగితే ఆ పిల్ల బతుకే మారుతుంది. లేకపోతే మాత్రలు కిటికీలోంచి బయటికి పోతాయి, రోగం తిరగబెడుతుంది.

అరుదుగానైనా ప్రాణం మీదికి వచ్చేది ఒకటుంది. ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకోవడం, విపరీతమైన జ్వరం, చెమటలు, మాటలో తడబాటు, బీపీ ఎక్కుతూ దిగుతూ ఉండడం. రెంటచింతల, కొత్తగూడెం ఎండల్లో మే నెలలో ఇలాంటి మనిషిని తెస్తే ఎవరైనా వడదెబ్బ అనే అంటారు. వడదెబ్బలో సాధారణంగా కండరాలు వదులుగా ఉంటాయి, ఇక్కడ చెయ్యి వంచబోతే సీసపు గొట్టంలా ఎదురు తిరుగుతుంది. ఈ రోగి హాలోపెరిడాల్ వంటి మందు మీద ఉన్నాడని తెలిస్తే తరువాతి డోసు ఇవ్వకుండా ఆపి అప్పటికప్పుడు డాక్టరును పిలవాలి. తెల్లారేదాకా ఆగే కేసు కాదు. ఈ మందులు ఒంటి వేడిని సర్దుకునే శక్తిని కూడా తగ్గిస్తాయి కనుక నిజమైన వడదెబ్బ తగిలే ప్రమాదమూ వీరికే ఎక్కువ.

ఎండాకాలం అనగానే లిథియం గుర్తుకు వస్తుంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదానికి వాడి చూపించిన లవణమిది. నేటికీ దానికి సాటివచ్చే మందులు తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ దాకా ఉంటే మందు, 1.5 దాటితే విషం కిందే లెక్క. రక్తం తీసేది చివరి మాత్ర వేసిన 12 గంటలకు. పొద్దున మాత్ర వేసేసి రక్తం తీస్తే ఆ రిపోర్టు దేనికీ పనికిరాదు. మూత్రపిండాలకు లిథియం, ఉప్పు దాదాపు ఒకటే. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే అవి ఉప్పుతో పాటు లిథియంనూ వదలకుండా పట్టుకుంటాయి. అందువల్ల విరేచనాలు, కటిక ఉపవాసాలు, ఎండలో చాకిరీ, ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మాత్రలు అన్నీ ప్రమాదమే. బీపీ ఉందని పక్కింటాయన సలహా మీద ఊరగాయ, ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే. చేతివేళ్ళు సన్నగా వణకడం మామూలే. ఆ వణుకు పెద్దదై గ్లాసు పట్టుకోలేక, మాట ముద్దగా, నడక తూలుతూ, వాంతులతో వస్తే మాత్రం తాగి వచ్చాడనుకుని పడుకోబెట్టకూడదు. క్లోజపైన్ వాడేవారికి మొదటి నెలల్లో వారంవారం రక్తకణాల లెక్క చూడాలి. గొంతునొప్పి, జ్వరం అంటే వెంటనే చెప్పమనాలి. మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు, పేగు కదలక ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఇన్ని భయాలు చెప్పాక ఈ మాత్రలే మానేస్తే పోలేదా అనుకునే వారుంటారు. మానకూడదు. వీటి మూలంగా ఉద్యోగాలు చేసుకుంటున్నవారు, పిల్లల్ని పెంచుకుంటున్నవారు మన మధ్య ఎందరో ఉన్నారు. ఒక్కసారిగా ఆపితే జబ్బు మళ్ళీ విరుచుకుపడుతుంది. డోసు మార్చడం డాక్టరు పని. కనిపెట్టి, తేదీతో సహా చెప్పడం నర్సు పని, ఇంట్లో అయితే మన పని.

నెలల తరబడి, ఏళ్ళ తరబడి వాడినవారిలో చూడవలసినది చివరగా ఒకటి. నాలుక, పెదవులు, దవడ వాటంతటవే కదులుతూ ఉంటాయి, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు. చాలామందికి అది కదులుతోందనే తెలియదు. ఇది ముదిరితే తగ్గడం కష్టం, మొదట్లో పట్టుకుంటే మందు మార్చే వీలుంటుంది. దీనికోసం 1976లో అమెరికాలో ఒక పరీక్ష తయారు చేశారు. కావలసింది చేతులు లేని ఒక గట్టి కుర్చీ, పది నిముషాల సమయం. ఆరేడు నెలలకొకసారి నర్సు స్వయంగా చెయ్యవచ్చు. చెప్పులు విప్పించి కూర్చోబెట్టాలి. నోరు తెరవమనాలి, నాలుక చాపమనాలి. బొటనవేలితో మిగతా వేళ్ళను ఒక్కొక్కటే వేగంగా తాకమని, ఆ సమయంలో ముఖాన్నీ కాళ్ళనూ చూడాలి. లేచి నాలుగడుగులు నడవమనాలి. అన్నిటికన్న ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వక్కపలుకులు, కిళ్ళీలు, గుట్కాలు నమిలే మన దేశంలో అది మరీ అవసరం. "నోట్లో ఏమైనా ఉందా నాన్నా? ఉంటే ఉమ్మేసి రా."